బాపమ్మ గది వాలు

సొంత ఇంటి పునాది పక్కనే గొయ్యి తవ్వుకొమ్మని పక్క జాగావాడికి కన్నతండ్రి చేత మాట ఇప్పించినవాడు ఈ బొగ్గుబాయి ఊళ్ళన్నీ గాలించినా నేనొక్కణ్నే దొరుకుతాను. పోనీ లంచం తిన్నానా అంటే అదీ లేదు. లంచం తిన్నవాడికి లోకం తెలివైనవాడన్న బిరుదైనా ఇస్తుంది. నేను తిన్నది పొగడ్త. నలుగురి ముందు ఒక మనిషి నన్ను 'సారు' అన్నాడు, తన పక్క కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, అంతే, నా కాళ్ళ కింద నేల ఎంతవరకు నాదో మరచిపోయాను. అప్పటికి కొత్తగా బడిలో చేరిన తెలుగు పండితుణ్ని. పండితుడంటే బుర్ర పండినవాడనుకునేవాణ్ని. పచ్చికాయల్ని కూడా మాగబెట్టి పండ్లని అమ్ముతారని అప్పుడు తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం దామోదర్ బావ మా ఇంటికి వచ్చాడు. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆయన కూతురు సరోజక్క మొగుడు. నేను చెప్పిన గొయ్యి ఆయనదే, ఇల్లు ఇప్పటికీ నేనుంటున్న ఈ ఇల్లే. మా రెండు జాగాల మధ్య ఉన్నది ఒక్క గోడే అయినా ఆయన మా గడప తొక్కి ఏళ్ళు గడిచాయి. చేతికర్ర ఊనుకుంటూ, తెల్లబట్టలకు మాత్రం పాతరోజుల్లాగే గంజి పెట్టించి, మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో, నేనేం చేశానో చివర్న చెబుతాను. ముందు ఆయనెవరో తెలియకపోతే నేను చేసిన పని మరీ అల్పంగా కనిపిస్తుంది. తెలిశాక కూడా అల్పంగానే కనిపించవచ్చు, దానికి నా దగ్గర మందు లేదు.

మా నాన్న ఓదెలు, మేం బాపు అంటాం, బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి మా అవ్వ, మా దిక్కు తల్లిని అట్లాగే పిలుస్తాం, వెనక వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద నీళ్ళు సలసల కాగబెట్టి ఉంచేది. ఆ వేళకు క్వార్టర్ల లైన్లన్నిటి మీదా ఒకే పొగ కమ్ముకునేది. ఆ పొగ వాసనకే మాకు ఆకలయ్యేది, ఎందుకంటే దాని వెనకాలే సర్వపిండి వాసన వచ్చేది. బాపు ఎంత రుద్దుకుని స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు గీత ఒకటి మిగిలేది. మా ఇంట్ల కాటుక పెట్టుకునేది మొగోడేనని అవ్వ మేలమాడేది. ఆయన తువ్వాల భుజాన వేసుకుని గది కప్పు వైపు ఒకసారి చూసి, అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు.

ఆ చూపు గురించి చెప్పాలి. మా బాపు ఏ ఇంటికి పోయినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, కప్పును. వీలుంటే చేతికర్రతో తట్టి చప్పుడు వినేవాడు. గట్టి కప్పు ఒక రకంగా మోగుతుంది, విడిచిన కప్పు మరో రకంగా, ఆ చెవి బాయి ఇచ్చింది. పెళ్ళిభోజనాల్లో దూలం కింద చోటు చూసుకుని కూర్చునేవాడు. నాకు పిల్లను చూడ్డానికి మంచిర్యాల పోయి వచ్చిన రోజు అవ్వ ఆత్రంగా పిల్ల ఎట్లుందని అడిగితే, స్లాబు మంచిగుందన్నాడు. ఇది ఆయన ఒక్కడి గుణం కాదు. మా లైన్లో మగవాళ్ళంతా అంతే. ఆపద అంటే మా వాళ్ళ లెక్కలో పైనుంచి రావలసిందే. దేవుడు పైనే, ఆఫీసరు పైనే, కూలే కప్పూ పైనే. పక్కనుంచి వచ్చే ఆపదకు మా దగ్గర పేరు కూడా లేదు. దానికి పేరు దామోదర్ బావ వచ్చి పెట్టించుకున్నాడు.

క్వార్టర్ ఎప్పటికైనా ఖాళీ చేయాల్సిందే కదా అని బాపు ముందుగానే, రోడ్డు మీంచి పైకెక్కే వాలులో జాగా కొని మూడు గదులు వేసి, మమ్మల్ని అందులోకి మార్చాడు. చివరి గది బాపమ్మది, అంటే బాపును కన్నతల్లిది. కమాన్‌పూర్ దిక్కు మా సొంతూరు ఓపెన్‌కాస్టు గని కింద పోయినప్పుడు ఒక నులకమంచం, ఒక సందుగ, ఒక గోనెసంచిలో కుంకుడుకాయలు తెచ్చుకుని మా దగ్గరకు వచ్చింది. పెరట్లో కుంకుడు చెట్టు పోయిందన్న దుఃఖం ఆమెకు ఇల్లు పోయిన దుఃఖం కంటే పెద్దది. ఆ కాయల్ని ఎండబెట్టి, వారానికోసారి మా అందరి తలలు రుద్ది, మళ్ళీ మూట కట్టి మంచం కింద పెట్టుకునేది. ఊరు మొత్తంలో మిగిలింది ఆ మూటే అన్నట్టు కాపలా కాసేది.

మా జాగాకు దిగువన, రోడ్డుకు ఆనుకుని ఉన్న జాగాను దామోదర్ బావ కొన్నాడు. బావ బొగ్గు టిప్పర్లు తిప్పేవాడు. జీపును రోడ్డు మధ్యలో ఆపి మాట్లాడ్డం ఆయన హోదా, ఎవరైనా హారన్ కొడితే తిరిగి చూడకపోవడం ఆయన సంస్కారం. తెల్లచొక్కా జేబులో బయటికి కనబడేట్టు ఒక పెన్ను, ఆ పెన్నుతో ఆయన ఏమైనా రాయగా చూసినవాళ్ళు లేరు. ఆయన దగ్గరున్నదల్లా ఒక్క మాట, "ఏం గాదు". టిప్పరు ఎవరి ఎడ్లబండినో గుద్దితే ఏం గాదు. బాకీ అడగబోతే ఏం గాదు. సరోజక్కకు జ్వరం కాస్తే ఏం గాదు. ఆ మాటలో ధైర్యం ఉందని చాలామంది అనుకునేవాళ్ళు. అది ధైర్యం కాదు, ఎదుటివాడి కష్టాన్ని లెక్కలోంచి కొట్టేయడం. తనకు ఏమీ కాదన్నది నిజమే, ఆయన అబద్ధం ఎన్నడూ ఆడలేదు.

ఆ జాగాలో ఆయన ఫంక్షన్ హాలు కట్టదలిచాడు. వాలును నిలువుగా నరికి రోడ్డు మట్టానికి చదును చేయాలి, నరికిన చోట మట్టి జారకుండా రిటైనింగ్ గోడ లేపాలి. నరుకుడు మా హద్దు రాయి దాకా రావాలి, మా ఇల్లు ఆ రాయికి ఆనుకునే ఉంది. బాపు కొంత జాగా విడిచి తవ్వమన్నాడు. విడిస్తే హాలు ఇరుకవుతుందని బావ గునిశాడు. అప్పుడు ఆయన కన్ను నా మీద పడింది. సరోజక్క ఇంట్లో బంధువులంతా ఉండగా, "మా బామ్మర్ది సారు ఉండంగ హాలుకు పేరు బయటోళ్ళు ఎందుకు పెట్టాలె" అన్నాడు. నా చెవుల్లో మంగళవాద్యాలు మోగాయి. వారం పాటు నిఘంటువు తిరగేశాను. కళ్యాణమని మొదలుపెట్టి సంస్కృతంలో ఉన్న శుభమంతా పోగేసి, రోజుకో పేరు తీసుకుపోయి వినిపించేవాణ్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. మెచ్చుకుంటున్నాడని నేననుకున్నాను, కునుకు తీస్తున్నాడని తర్వాత తెలిసింది. ఆ మైకంలోనే బాపు దగ్గరికి పోయి, మనవాడే కదా, హద్దు దాకా తవ్వుకోనీ అని పోరాను. చదువుకున్న కొడుకు చెబుతున్నాడని బాపు ఒప్పుకున్నాడు. చదువు మీద ఆయనకున్న గౌరవాన్ని నేను వాడుకున్న మొదటి సందర్భం అది.

అయితే ముందే హెచ్చరించినవాడు ఒకడున్నాడు. జ్యోతినగర్‌లో సివిల్ ఇంజనీరు సుబ్బారావు గారు, కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినాయన. అక్కడి లైబ్రరీలో చదరంగం ఆడుతూ నాకు పరిచయమయ్యాడు. ఆదివారం పూట స్కూటరేసుకుని అవ్వ చేసే సర్వపిండి కోసం మా ఇంటికి వచ్చేవాడు. హద్దు దగ్గర నిలబడి చాలాసేపు మట్టిని చూసి, "కొంచెం ఇబ్బందేమోనండి మాస్టారూ, ఒకేసారి నరికేస్తే ఇల్లు పక్కకి జరగొచ్చండి" అన్నాడు. ముక్కలు ముక్కలుగా తవ్వాలట. కొంత తవ్వి, అంత మేర గోడ లేపి, దాని వెనక మట్టి కూరాకే పక్క ముక్క ముట్టుకోవాలట. మొదలుపెట్టే ముందే మా గోడకు బయటి నుంచి వాలుగా దుంగలు పోటు పెట్టాలట. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆ మర్యాదే. మా దిక్కు ఇల్లు కూలుతుందంటే ఉరికొచ్చి, ముందు కూలేవాణ్ని నాలుగు తిట్టి, అప్పుడు విషయం చెబుతారు. ఆయన అదే సంగతిని ఇంకో సర్వపిండి వద్దండీ అన్నంత మెత్తగా చెప్పాడు. ఇబ్బందేమో అంటే ఇల్లు పోతుందని అర్థమని మాకెట్లా తెలుస్తుంది? బాపు మీసం కింద నవ్వుకుని, ఆయన వెళ్ళిపోయాక, "నీ స్కూటరాయన మాకు మట్టి సంగతి జెప్తున్నడు" అన్నాడు. నేనూ నవ్వాను. బాయి కింద ఇన్నేళ్ళు కప్పును నిలబెట్టినవాళ్ళం, మాకు కాగితాలవాళ్ళు చెప్పేదేమిటని నా రొమ్ము కూడా పొంగింది. నేను బాయిలో దిగింది లేదు, దుంగ ఎత్తింది లేదు, పొంగడానికి అవేవీ అక్కర్లేదు.

తర్వాత మేం చేసిన పని ఈ నేల మీద పుట్టినవాళ్ళు తప్ప ఎవరూ చేయరు. పక్కన గొయ్యి తవ్వుతున్నారు కాబట్టి బాపు, ఆయన షిఫ్టు దోస్తులు కలిసి మా ఇంటి లోపల దుంగలు నిలబెట్టారు. కొట్టం వేద్దామని వేలంలో తెచ్చిన పాత దుంగలు పెరట్లో ఉన్నాయి. అవి మూడు గదుల్లోనూ స్లాబు కింద బారులు తీరాయి. ఒక్కో దుంగ నెత్తిన చెక్కముక్క దూర్చి, బిగిసేదాకా సుత్తితో కొట్టారు. బాపమ్మ మంచానికి నాలుగు దిక్కులా నాలుగు. కప్పు చీమంత కదిలినా మాదే పూచీ అని ఆ దోస్తుల్లో ఒకడైన రాజీరు కాక అందరికీ చెప్పుకున్నాడు. మంచిదే, కప్పుకు అసలు కదిలే ఉద్దేశమే లేదు. లైన్లోని వాళ్ళంతా వచ్చి చూసి మెచ్చుకుని, చాయ్ తాగి పోయారు. అవ్వ దుంగల మధ్య తాడు కట్టి బట్టలారేసింది. బాపమ్మ తన కుంకుడుకాయల మూటను మంచం కింది నుంచి తీసి ఒక దుంగకు తగిలించుకుంది. నేను దుంగకు మోకాలు గుద్దుకోని రోజు లేదు. ఇల్లు బాయిలా తయారైంది, బాపుకు డ్యూటీ నుంచి డ్యూటీకే వచ్చినట్టుంది. ఆ గర్వంలో ఉన్న మాకు, వాలు దుంగలు బయట పెట్టాలన్న సుబ్బారావు గారి మాట గుర్తుకు రాలేదు.

ముక్కలుగా తవ్వుతానని మాత్రం బావ ఒప్పుకున్నాడు. మా ఇంట్లో కూర్చుని, అవ్వ ఇచ్చిన చాయ్ తాగుతూ, బాపమ్మ కాళ్ళకు మొక్కి మరీ ఒప్పుకున్నాడు. మరునాడు బాపు మొదటి షిఫ్టుకు, నేను బడికి పోయాక, ఓపెన్‌కాస్టు దగ్గర మట్టి పని చేసే ఎవరో తెలిసినవాడి పెద్ద మిషను ఒక్కరోజుకు దొరికిందట. ఒక్కరోజే దొరికిన మిషనుతో ముక్కలు ముక్కలుగా ఎవరు తవ్వుతారు? నేను తిరిగొచ్చేసరికి హద్దు పొడవునా వాలును నిలువుగా కోసేశారు. మా ఇల్లు కోసిన కేకు ముక్క అంచున పెట్టిన చెర్రీ పండులా ఉంది. గోడ పునాది రాళ్ళు పళ్ళు బయటపెట్టినట్టు కనబడుతున్నాయి. బావ కింద నిలబడి మిషనువాడికి చేతులూపుతున్నాడు. నేను పైనుంచి ఇదేంది బావా అంటే తలెత్తి, "ఏం గాదు సారూ, నేనున్న గద" అన్నాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని మనకొక సామెత ఉంది. దాన్ని ఎవడో గొయ్యి తీసినవాడే పుట్టించి ఉంటాడు. తీసినవాడు ఎన్నడూ పడడు, పైన ఉన్నవాడి ఇల్లు పడుతుంది.

ఆ సాయంత్రం వాన కొట్టింది. తెల్లారేసరికి బాపమ్మ గది తలుపు చౌకట్టుకు పట్టేసింది, భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోలేదు. కిటికీ కింది మూల నుంచి నేల దాకా గోడకు చీలిక. బాపు అలవాటు చొప్పున ముందు కప్పునే చూశాడు. కప్పు అద్దంలా ఉంది. కర్రతో తట్టాడు, గట్టిగా మోగింది. మంచం పక్కనున్న దుంగ మీద చెయ్యి వేశాడు. అది పిల్లల పాలపన్నులా ఊగింది. నెత్తిన బిగించిన చెక్కముక్క జారి కింద పడి, దొర్లుకుంటూ పోయి గొయ్యి వైపు గోడకు తగిలి ఆగింది. కప్పు కిందికి రాలేదు, దుంగ నిలబడ్డ నేలే దిగిపోయింది. బాపు ఆ ఊగుతున్న దుంగను కాసేపు పట్టుకునే నిలబడ్డాడు. బాయిలో జీవితమంతా ఆయన దుంగల్ని నమ్మాడు, దుంగ కింద నేలను అనుమానించాల్సిన పని ఎన్నడూ పడలేదు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "సుబ్బారావు సారును తోలుకరా" అన్నాడు. ఆయనను బాపు సారు అనడం అదే మొదటిసారి. నన్ను బావ సారు అన్నదానికీ, బాపు ఆయనను సారు అన్నదానికీ మధ్య ఉన్న దూరమెంతో స్కూటరు వెనక కూర్చుని వస్తున్నంతసేపూ కొలుచుకున్నాను.

సుబ్బారావు గారు ఎగతాళి చేయలేదు, చేసి ఉంటే మాకు హాయిగా ఉండేది. ముందు ముసలావిడను బయటికి తీసుకురండన్నాడు. అదే కుదరలేదు. బాపు, నేను మంచం ఎత్తబోతే బాపమ్మ పక్కనున్న ఊగే దుంగనే రెండు చేతులా వాటేసుకుంది. "తవ్వెటోళ్ళకు ఒకపారి ఊరు ఇడిసిన. ఇంకోపారి ఇడువ" అంది. ఆమెకు కోపం లేదు, ఏడుపూ లేదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అవ్వ బతిమిలాడింది. నేను నచ్చజెప్పబోయాను, నా నచ్చజెప్పుళ్ళ వల్లే ఇంతవరకు వచ్చిందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. గదిలో ఆమె ఉండగా గోడను నిలబెట్టాలి, ఇంకో దారి లేదు.

నిలబెట్టాలంటే కోసిన మట్టి కాళ్ళ దగ్గర మళ్ళీ మట్టి పోయాలి, గొయ్యిలో గట్టి నేల మీద వెడల్పు దిమ్మలు పరిచి, వాటి మీంచి వాలుగా దుంగలు లేపి మా గోడకు పోటు పెట్టాలి. అంటే ఆ దుంగల పాదాలు బావ జాగాలో, ఆయన భోజనాల హాలు రావలసిన చోట నిలబడాలి. బావ ససేమిరా అన్నాడు. పునాదులకు పోసిన ముగ్గు చెడుతుందట, మేస్త్రీలు వెళ్ళిపోతారట, మంచి ముహూర్తం మళ్ళీ దొరకదట. మీ ఇంటి కర్రలు నా జాగాల ఎందుకని అడిగాడు. మీ జాగాలో గొయ్యి మా ఇంటి కింద ఎందుకుందో మాత్రం ఆయనకు తోచలేదు. పెద్దమనుషులు వచ్చారు, తలలూపారు, ఇద్దరిదీ న్యాయమేనన్నారు. ఇద్దరిదీ న్యాయమేననే పెద్దమనిషి కన్నా పక్కకు జారే మట్టి నయం, అది ఎటు పోతోందో కనీసం కళ్ళకు కనబడుతుంది.

అప్పుడు చీలిక పక్క కిటికీలోంచి బాపమ్మ పిలిచింది. బావ కింద గొయ్యిలో, తెల్లబట్టల్లో, తలెత్తుకుని నిలబడ్డాడు.

"అయ్యా దామోదరం, గొడవెందుకు బిడ్డా, తవ్వుకో" అంది. "నేను మాత్రం ఈ గది ఇడిసిపెట్ట. గోడ పడ్తె నేను పోత. నీ హాల్ల మొట్టమొదటి కార్యం నా దినమే అయితది. వంటోళ్ళకు ఇప్పుడే చెప్పిపెట్టు."

పెళ్ళిళ్ళ కోసం కడుతున్న హాలు దినంతో మొదలవుతుందంటే ఆ ఊళ్ళో తర్వాత ఎవడు తన కూతురి పెళ్ళి అందులో చేస్తాడు? చట్టం చేయలేనిది, చుట్టరికం చేయలేనిది, నా సంస్కృతం ఎలాగూ చేయలేనిది ఆ మాట చేసింది. బావ మొహంలో రంగులు మారాయి. మేస్త్రీల వైపు తిరిగి, దుంగలే గదా, పెట్టుకోనియ్యున్రి అని గొణిగాడు. జీవితంలో మొదటిసారి ఆయన నోట ఏం గాదు అన్న మాట రాలేదు.

ఇంట్లోని దుంగలే బయటికి నడిచాయి. ఎక్కడ, ఎంత వాలుగా అన్నది సుబ్బారావు గారు చెప్పాడు. బాపు, రాజీరు కాక, మిగతా దోస్తులు నిలబెట్టారు. సుత్తి దెబ్బ గట్టిగా పడితే గోడే కదులుతుందని, చెక్కముక్కల్ని బుజ్జగించినట్టు మెల్లమెల్లగా బిగించారు. ప్రతి దుంగ బిగిశాక బాపు దాన్ని తట్టి, సుబ్బారావు గారి మొహంలోకి చూసేవాడు. ఆయన 'బావుందండీ' అంటే మరో దుంగకు పోయేవాడు. రిటైనింగ్ గోడ ఈసారి నిజంగానే ముక్కలు ముక్కలుగా లేచింది. అది పూర్తయ్యేదాకా బాపమ్మ కిటికీ దగ్గర కూర్చుని కుంకుడుకాయలు కొడుతూ కాపలా కాసింది. ఇల్లు నిలబడింది. ఆమె కూడా ఆ గదిలోనే చాలా ఏళ్ళు నిలబడింది.

వెనక మట్టి బాగా అణిగేదాకా చివరి దుంగ తీయొద్దని బాపు పట్టుబట్టాడు, అందువల్ల హాలు ప్రారంభానికి భోజనాల గది మధ్యలో ఒక దుంగ ఏటవాలుగా మిగిలింది. దానికి బంతిపూలు చుట్టి, జిలుగు కాగితాలు అంటించారు. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు ఇదేంటని అడిగితే బావ కొత్త మోడల్ అన్నాడట. మేము దాని పక్కనే కూర్చుని తిన్నాం, బాపు ఆ రోజు కప్పు వైపు చూడలేదు, నేల వైపు చూసి కూర్చున్నాడు. బయటికొస్తూ బోర్డు చూశాను. నేను పెట్టిన పేర్లలో ఒక్కటీ లేదు. తన పేరు, సరోజక్క పేరు కలిపి రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన గ్రాండ్ అని. గోడు వెళ్ళబోసుకోవడానికి నాకు మిగిలింది ఆ గోడే.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కడ చూసినా సెల్లార్లే. బొగ్గు తీసి తీసి కింద ఖాళీ చేసిన ఊళ్ళో, మిగిలిన కాస్త నేలనూ కార్లు పెట్టుకోవడానికి తవ్వుతున్నారు. కాగితాల మీద అన్ని అనుమతులూ ఉంటాయి, తవ్వే చోట పచ్చ పరదా కడతారు, పరదా వెనక పక్కింటి పునాది పళ్ళు బయటపెట్టుకుని అట్లాగే నిలబడి ఉంటుంది. పాతకాలమే మేలని చెప్పడానికి నోరు రాదు, మా పాతకాలం ఎట్లా ఉండేదో ఇప్పుడే చెప్పాను. ఒక్క తేడా మాత్రం ఉంది. అప్పటి మోసగాడు ఇంటికొచ్చి, చాయ్ తాగి, ముసలమ్మ కాళ్ళు మొక్కి మోసం చేసేవాడు. ఇప్పటివాడికి ఆ తీరిక లేదు. పొయ్యిల పొగ పోయింది, గ్యాసు వచ్చింది. పెళ్ళికొడుకును చూడవచ్చిన వాళ్ళు కప్పును తట్టి చూడరు. నా కొడుకు బాపు కర్రను గోడకు తగిలించి, దాన్ని అలంకారమంటాడు.

బాపమ్మ గదికి మాత్రం ఆ వాన రోజు వచ్చిన వాలు పోలేదు. ఇల్లు ఆపైన దిగలేదు గానీ, దిగినంత మేర అట్లాగే ఆగింది. ఏళ్ళ తరబడి ఆ గదిలో ఏది జారినా, కుంకుడుకాయ కానీ, మందుబిళ్ళ కానీ, మనవరాలి బంతి కానీ, దొర్లుకుంటూ పోయి బావ వైపు గోడకే చేరుతుంది. నేల సరిచేయిద్దామని మేస్త్రీలు చాలాసార్లు అన్నారు. నేనే వద్దన్నాను. కొన్ని విషయాలు నేలకు గుర్తుండాలి.

ఇక మొన్నటి ఆదివారం. బావ హాలుకు అటు పక్క జాగాలో ఎవరో పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ కడుతున్నారు. సెల్లారు కోసం హద్దు దాకా తవ్వేశారు. బావ భోజనాల హాలు గోడ కిటికీ మూల నుంచి నేల దాకా చీలిందట. చీలిక ఎట్లా ఉందో ఆయన చేత్తో గాలిలో గీసి చూపించాడు, నాకు ఆ గీత తెలుసు. "అడిగితె వాళ్ళు, ఏం గాదు తాతా, మేమున్నం గద అంటున్నరు సారూ" అన్నాడు. ఆ మాట ఎవరిదో ఆయనకు స్ఫురించలేదు, మొహంలో నిజమైన ఆశ్చర్యమే ఉంది. హాల్లో ఎల్లుండి ఎవరిదో నిశ్చితార్థముందట.

అతి మంచివాణ్ని కాకపోయినా, నా బుద్ధి ఇంటి గోడలు కూల్చేటంత దూరం పోదు. నిశ్చితార్థం వేరేచోట పెట్టించమన్నాను, హాల్లోకి ఎవరినీ రానీయొద్దన్నాను. ముక్కలుగా తవ్వడం, గోడ లేచాకే పక్క ముక్క, బయటి నుంచి వాలు దుంగలు, వాటి పాదాలు అవతలివాడి జాగాలో, అంతా చెప్పాను. సుబ్బారావు గారు ఇప్పుడు లేడు, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీరు ఒకాయన జ్యోతినగర్‌లో ఉన్నాడు. ఆయనకు అప్పుడే ఫోను చేసి, సాయంత్రమే రమ్మని ఒప్పించాను. పెరట్లో మిగిలిన బాపు దుంగలు కావాలంటే తీసుకుపొమ్మన్నాను. బావ కళ్ళు తడిశాయి. కూర్చో బావా, చాయ్ తాగిపో అని, ముందు గది కుర్చీలన్నీ వదిలి, బాపమ్మ గదిలోకి తీసుకెళ్ళాను. వాలు బాగా ఎక్కువున్న చోట ఒక పాత కుర్చీ ఉంది, రెండు కాళ్ళు పైకి, రెండు కాళ్ళు కిందికి. అందులో కూర్చోబెట్టాను.

చాయ్ ఒళ్ళు కాల్చకూడదని కాసేపు చల్లారనిచ్చాను. తర్వాత కప్పు అంచుదాకా, ఇంకో చుక్కకు చోటు లేకుండా పోసి, ఆయన ముందు చిన్న స్టూలు మీద పెట్టాను. బావ ముందుకు వంగి కప్పు అందుకోగానే కుర్చీ మా ఇంటి అలవాటు ప్రకారం ఆయన హాలు వైపు ఒరిగింది. చిక్కటి చాయ్ గంజిపెట్టిన తెల్లచొక్కా మీదా, పైజామా మీదా, జేబులోని ఎన్నడూ రాయని పెన్ను మీదా పరుచుకుంది. ఆయన బిత్తరపోయి, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"ఏం గాదు బావా" అన్నాను. "నేనున్న గద."

ఇంకో కప్పు తెచ్చి ఇచ్చాను. అదీ అంచుదాకానే.